షిప్‌కు పీఎస్‌సీ ఇన్‌స్పెక్షన్ ఉందంటే ఇంజిన్ రూంల ఏం చూసుకోవాలె: ఒక ఫోర్త్ ఇంజినీర్‌కు జవాబు

దేవరకద్ర దిక్కు తమ్ముడు ఒకడు అడిగింది ఇదీ: "ఫోర్త్ ఇంజినీర్‌గ నాకిది మొదటి కాంట్రాక్టు. పదిహేడేండ్ల బల్క్ క్యారియర్. బొగ్గు లోడింగ్ కోసం ఆస్ట్రేలియాల న్యూకాజిల్ పోతున్నం. పోర్ట్ స్టేట్ కంట్రోల్ (పీఎస్‌సీ, అంటే వచ్చిన షిప్‌ను రేవు దేశపోళ్లు చేసే తనిఖీ) ఇన్‌స్పెక్షన్ పక్కా అంటున్నరు. సెకండ్ ఇంజినీర్ అందరి చేతులల్ల పెయింట్ బ్రష్‌లు పెట్టిండు. వాళ్లు ఏం చూస్తరు, ఏం అడుగుతరు? ఒక చెక్‌లిస్టు ఇయ్యిండ్రి. షిప్ పట్టుకుంటే నిన్ను జైల్ల ఏస్తరా అని మా నాయిన ఫోన్‌ల అడుగుతున్నడు."

చెక్‌లిస్టు నీ షిప్‌లనే ఉంటది తమ్ముడూ. కంపెనీ పంపిందొకటి, క్లాస్ సొసైటీ (షిప్ గట్టిదనం చూసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) దొకటి, రెండూ చీఫ్ ఇంజినీర్ డెస్క్ మీద పడి ఉంటయి. వాటిల అన్ని గడులల్ల టిక్కులు కొట్టినంక కూడ డిటైన్ అయిన (రేవుల ఆపేసిన) షిప్‌లు బొచ్చెడున్నయి. మాది మిర్యాలగూడ. ట్యాంకర్లు, బల్కర్లు రెండిటి మీద చేసి ఇప్పుడు చీఫ్‌గ చేస్తున్న. ఇన్నేండ్లల్ల నాకు అర్థమైంది ఏందంటే, ఇన్‌స్పెక్టర్ మిషన్‌ను చూసేది తక్కువ. పుస్తకంల రాసిందీ, మిషన్ చెప్పేదీ ఒకటేనా కాదా అన్నది చూసేది ఎక్కువ. ఆ రెండూ కలిస్తే పాత షిప్ కూడ బయటపడతది. కలవకపోతే నిన్నగాక మొన్న కట్టిన షిప్ కూడ చిక్కుల పడతది.

ఇది ఎట్ల మొదలైందో జర తెలుసుకో, ఓరల్స్‌ల (లైసెన్స్ కోసం నోటితో చెప్పే పరీక్షల) కూడ పనికొస్తది. షిప్ యజమాని ఒక దేశపోడు, జెండా (రిజిస్ట్రేషన్) పనామాదో లైబీరియాదో, పనిచేసేది మనం. జెండా దేశం చూసుకుంటదిలే అని అందరూ వదిలేస్తే ఏమైతదో 1978 మార్చిల తేలింది. అమోకో కాడిజ్ అనే ట్యాంకర్ స్టీరింగ్ చెడిపోయి ఫ్రాన్స్ బ్రిటనీ తీరంల రాళ్లకు ఎక్కింది. 2 లక్షల టన్నులకు పైగ క్రూడ్ సముద్రం పాలైంది. దాని తర్వాత, నా రేవుకు వచ్చిన షిప్‌ను నేనే చూసుకుంట అని యూరప్ దేశాలు 1982ల పారిస్ ఒప్పందం చేసుకున్నయి. మన దిక్కు టోక్యో ఒప్పందం 1993ల, హిందూ మహాసముద్రం ఒప్పందం 1998ల వచ్చినయి. రెండోదాని సెక్రటేరియట్ మన గోవాలనే ఉంది. ఆస్ట్రేలియా ఈ రెండిట్ల సభ్యదేశం. అక్కడ ఇన్‌స్పెక్షన్ చేసేది ఆస్ట్రేలియన్ మారిటైం సేఫ్టీ అథారిటీ, షిప్‌ల మీద అందరూ ఆమ్సా అంటరు. వాళ్లు కఠినం అని పేరు. నా లెక్కల వాళ్లు కఠినం కాదు, పద్ధతిగ చూస్తరు అంతే.

నీ షిప్‌నే ఎందుకు పట్టుకుంటరు అంటే అది లాటరీ కాదు. షిప్ రకం, వయసు, జెండా, క్లాస్, నడిపే కంపెనీ, గత 36 నెలలల్ల పడ్డ డెఫిషియన్సీలు (ఇన్‌స్పెక్టర్ రాసిన లోపాలు), డిటెన్షన్లు అన్నీ కంప్యూటర్ల పడి రిస్క్ లెక్క వస్తది. టోక్యో పద్ధతిల రిస్క్ తక్కువ ఉన్న షిప్‌ను 9 నుంచి 18 నెలలకు, మామూలు షిప్‌ను 5 నుంచి 8 నెలలకు, రిస్క్ ఎక్కువ ఉన్నదాన్ని 2 నుంచి 4 నెలలకు ఒకసారి చూస్తరు. బల్కర్ అయ్యి, పన్నెండేండ్లు దాటినంక పాయింట్లు పడనే పడతయి. కాబట్టి మీ షిప్‌ల పక్కా అంటున్నది తప్పు కాదు.

ఇక అసలు సంగతి. చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్ మొదటగ సర్టిఫికెట్లు చూసి, షిప్ మొత్తం ఒక చుట్టు తిరిగి పోవాలె. లోతుగ తవ్వాలంటే ఆయనకు ఒక కారణం దొరకాలె. 'క్లియర్ గ్రౌండ్స్' అంటరు దాన్ని. మన పని ఆ కారణం ఇయ్యకపోవుడు. అది దొరికేది గ్యాంగ్‌వే (షిప్ ఎక్కే మెట్లదారి) మీదనే. సేఫ్టీ నెట్ సక్కగ కట్టి లేదు, గ్యాంగ్‌వే కాడ మనిషి ఆయన ఐడీ అడగలే, లాగ్ బుక్కుల పేరు రాయించుకోలే, అకామడేషన్ ఫైర్ డోర్ తాడుతో కట్టి తెరిచి ఉంది. ఇవన్నీ కెప్టెన్ క్యాబిన్‌కు చేరకముందే ఆయన చూసేస్తడు. అక్కడ్నే ఆయన మనసుల ఒక లెక్క పడతది: ఈయాల రెండు గంటలల్ల అయిపోతదా, పొద్దుమూకే దాక ఉంటదా అని.

పెయింట్ సంగతి చెప్పి ముందుకు పోత. పెండ్లిచూపులకు వస్తున్నరని ముందటి అర్రకు ఒక్కదానికే సున్నం ఏసినట్టు చేస్తే, వచ్చినోళ్లు సీదా వంటింట్లకే పోతరు. తాజా పెయింట్ వాసన వచ్చిన చోట ఇన్‌స్పెక్టర్ ఆగుతడు, కింద ఏముందో గీకి చూస్తడు. దానికంటె పెద్ద ముప్పు ఇంకోటి ఉంది. ఫైర్ డ్యాంపర్ల (మంటప్పుడు గాలి దారులు మూసే పలకల) కీళ్లు, వాల్వ్ స్పిండిళ్లు, గ్రీజ్ నిపుళ్లు, డోర్ రబ్బర్ గ్యాస్కెట్లు, వీటన్నిటికీ తొందరల పెయింట్ పూస్తరు. ఎండినంక డ్యాంపర్ కదలదు. అంతవరకు మంచిగ పనిచేసిన వస్తువును మన చేతులతోని మనమే పాడు చేసుకున్నట్టు. సెకండ్‌కు ఎదురు చెప్పకు, కానీ నీ చేతిల బ్రష్ ఉన్నప్పుడు కదిలే భాగాలు ఒదిలిపెట్టు. పెయింట్ అయినంక ప్రతి డ్యాంపర్‌ను ఒకసారి మూసి తెరువు.

రెండోది తాడు. షిప్ మీద ఎక్కడ తాడో, బైండింగ్ వైరో, చెక్క ముక్కో అడ్డం పెట్టి ఉందో అక్కడ ఒక డెఫిషియన్సీ ఉన్నట్టే. ఫ్యూయల్ ట్యాంకుల క్విక్ క్లోజింగ్ వాల్వ్ ఊకె ట్రిప్ అవుతుందని ఎవడో వైర్‌తో బిగిస్తడు. సౌండింగ్ పైప్ (ట్యాంకుల ఎంతుందో కొలిచే గొట్టం) సెల్ఫ్ క్లోజింగ్ కాక్‌కు బరువు కడతడు. ప్యూరిఫైయర్ రూం డోర్ ఉక్కపోస్తుందని తాడుతో లాగి కడతడు. మంట అంటుకున్న రోజు ఆ వాల్వ్ బయటినుంచి లాగితే పడాలె, ఆ డోర్ తనంతట తాను మూసుకోవాలె. ఒక షిప్‌ల నేను చేరినప్పుడు సెట్లింగ్ ట్యాంక్ వాల్వ్‌కు వైర్ చుట్టి, దానిమీద పెయింట్ కూడ ఏసి ఉండె. అంటె అది ఎన్ని చేతులు మారిందో లెక్కే లేదు. టార్చ్ తీసుకొని ఒక రాత్రి వాచ్‌ల ఇదొక్క పనే పెట్టుకొని తిరుగు, నీకు కనబడుతయి.

ఎమర్జెన్సీ జనరేటర్ గురించి జర ఎక్కువ చెప్త, ఎందుకంటే ఇంజిన్ దిక్కు డిటెన్షన్లు ఎక్కువ వచ్చే చోట్ల అదొకటి. మెయిన్ పవర్ పోతే 45 సెకండ్లల్ల అది తనంతట తాను స్టార్ట్ అయి లోడ్ తీసుకోవాలె. స్టార్ట్ చేసే పద్ధతులు రెండు ఉండాలె, మామూలుగ బ్యాటరీ ఒకటి, హైడ్రాలిక్‌దో స్ప్రింగ్‌దో ఇంకోటి. కార్గో షిప్ కాబట్టి ట్యాంకుల 18 గంటలకు సరిపోను డీజిల్ ఉండాలె. ఇవన్నీ నీకు క్లాస్ ఫోర్ ఓరల్స్‌ల వచ్చినయే. కానీ ఇన్‌స్పెక్టర్ ముంగట ఎక్కడ తన్నుతది? సెలెక్టర్ స్విచ్ మొన్న టెస్ట్ చేసినప్పుడు మాన్యువల్‌ల పెట్టి ఆటోకు తిప్పుడు మరిచిపోతరు. రూం లూవర్లు మూసి ఉంటయి, ఇంజిన్ ఐదు నిమిషాలల్ల వేడెక్కి ట్రిప్ అయితది. బ్యాటరీ వోల్టేజ్ మీటర్‌ల మంచిగ కనబడతది, సెల్ఫ్ కొట్టంగనే పడిపోతది. హైడ్రాలిక్ హ్యాండిల్ ఎన్నిసార్లు కొట్టాలెనో ఎలక్ట్రీషియన్‌కు ఒక్కనికే తెలిసి ఉంటది. ఆయన ఆ టైంల మాస్ట్ మీద లైట్ మారుస్తుంటడు.

వారం వారం టెస్ట్ అని పుస్తకంల ఉంటది. బటన్ నొక్కి స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉత్తగ నడిపి ఆపుడు టెస్ట్ కాదు. చీఫ్‌ను అడిగి, రేవుకు చేరకముందే ఒకసారి ఎమర్జెన్సీ స్విచ్‌బోర్డ్ ఫీడర్ బ్రేకర్ తీపిచ్చి, స్టాప్‌వాచ్ పట్టుకొని, అది లోడ్ తీసుకునే దాక చూడు. ఎన్ని సెకండ్లు పట్టిందో ఆ అంకెనే రాయి. 'టెస్టెడ్, ఫౌండ్ ఇన్ ఆర్డర్' అని ప్రతి ఆదివారం ఒకటే రాతతో, ఒకటే పెన్నుతో ఉన్న పేజీని చూస్తే ఇన్‌స్పెక్టర్‌కు నవ్వొస్తది. ఒక వారం 31 సెకండ్లు, ఇంకో వారం 28, మధ్యల ఒకసారి 'బ్యాటరీ వీక్, మార్చినం' అని ఉంటే, అది నిజంగ నడిచే షిప్ అని ఆయనకు అర్థమైతది.

ఎమర్జెన్సీ ఫైర్ పంప్‌తోని బల్కర్లకు ఒక ప్రత్యేకమైన తిప్పలుంది. లోడ్ ఉన్నప్పుడు పంప్ సముద్ర మట్టం కిందికి ఉంటది, నీళ్లు సులువుగ అందుతయి. మీరు ఇప్పుడు సరుకు లేక ఖాళీగ, బ్యాలస్ట్‌ల (బరువుకు నీళ్లు నింపుకొని) పోతున్నరు. షిప్ పైకి తేలి ఉంటది, పంప్ నీళ్లు గుంజలేక గాలి పీలుస్తది. ప్రైమింగ్ (పంపుల గాలి తీసి నీళ్లు ఎక్కించుడు) పనిచేస్తుందా లేదా అన్నది ఈ స్థితిలనే తేలాలె. రెండు హోసులు, ఒకటి ముందట, ఒకటి ఎనక, రెండూ ఒకటేసారి తెరిచి చూడుండ్రి. ఫైర్ మెయిన్ మీద ఎక్కడన్న క్లాంపో, ఎపాక్సీ పట్టీయో ఉంటే చీఫ్‌కు చెప్పు. ఆ క్లాంప్ కింద నీళ్లు కారకపోయినా ఆయన దాన్ని రిపేర్ అనుకోడు.

ఇక ఆయిలీ వాటర్ సెపరేటర్, అంటే ఇంజిన్ రూం అడుగున చేరే బిల్జ్ నీళ్లల్లకెల్లి నూనె వేరుచేసే మిషన్. ఇక్కడ డెఫిషియన్సీకి, నేరానికి మధ్యల గీత ఉంది, కాబట్టి మంచిగ విను. నూనె 15 పీపీఎం (పది లక్షల వంతులల్ల 15) దాటితే నీళ్లు సముద్రంలకు పోవద్దు, త్రీ వే వాల్వ్ తిరిగి బిల్జ్ ట్యాంకుకు మళ్లాలె. ఇన్‌స్పెక్టర్ మీటర్‌ల మురికి శాంపిల్ పోయిస్తడు, అలారం మోగి వాల్వ్ తిరిగిందా చూస్తడు. శాంపిల్ లైన్‌కు ఫ్రెష్ వాటర్ ఫ్లషింగ్ వాల్వ్ ఉంటది కదా, అది తెరిచి పెట్టి మీటర్‌ను మోసం చేసే విద్య ఆయనకు మనకంటె ముందు తెలుసు. ఓవర్‌బోర్డ్ పైపు (నీళ్లు సముద్రంలకు వదిలే గొట్టం) ఫ్లాంజ్ ఇప్పిచ్చి వేలు పెట్టి చూస్తడు. లోపట నల్లటి జిడ్డు ఉంటే ఇంక మాటలు లేవు. ఫ్లాంజ్ బోల్టుల మీద పెయింట్ పగిలి ఉంటే, ఇక్కడ ఏ పైప్ కట్టి తీసిండ్రు అని అడుగుతడు.

దీనికంటె గట్టి ఆయుధం ఆయన దగ్గర ఒకటుంది, క్యాలిక్యులేటర్. హెవీ ఫ్యూయల్ ఎంత కాలిస్తే దాంట్ల సుమారు ఒక శాతం స్లడ్జ్ (నూనె మడ్డి) వస్తదని ఒక మోటు లెక్క ఉంది. రోజుకు 30 టన్నులు కాలిస్తే 300 కిలోలు, నలభై దినాలకు 12 టన్నులు. ఆయిల్ రికార్డ్ బుక్‌ల ఆ నలభై దినాలల్ల 3 టన్నులే చూపిస్తే, మిగతాది ఏ దారిన పోయిందని అడుగుతడు. ఇన్సినరేటర్‌ల కాల్చినం అంటరు. దాని కెపాసిటీ గంటకు 30 లీటర్లని నేమ్‌ప్లేట్ మీదనే ఉంటది. ఇరవైనాలుగు గంటలు ఆపకుండ నడిపినా 720 లీటర్లు. ఒక్కదినంల ఒకటిన్నర టన్ను కాల్చినట్టు రాసి ఉంటే, ఆ రాసినోని సంతకం ఎవరిదో ఆయన చూస్తడు. చాలా షిప్‌లల్ల ఆ పనులు ఫోర్త్ చేస్తడు, ఎంట్రీ సెకండ్ రాస్తడు, పేజీ కింద కెప్టెన్ సంతకం ఉంటది. నువ్వు చేసిన పనికి నువ్వు సంతకం పెట్టేటప్పుడు, ఎంత పనికి సంతకం పెడుతున్నవో చూసుకో. సౌండింగ్ నువ్వే తీయి, ఎవడో చెప్పిన అంకె రాయకు.

2013ల ప్రిన్సెస్ క్రూయిజెస్ వాళ్ల కరీబియన్ ప్రిన్సెస్ షిప్‌ల కొత్తగ చేరిన ఒక ఇంజినీర్, సెపరేటర్‌ను తప్పించి పెట్టిన దొంగ పైపును చూసి బ్రిటిష్ అధికారులకు చెప్పిండు. ఆ కేసు అమెరికాల నడిచి 2016ల కంపెనీ తప్పు ఒప్పుకున్నది, 4 కోట్ల డాలర్ల జరిమానా పడ్డది. ఆ దొంగ పైపుకు షిప్‌ల మీద మ్యాజిక్ పైప్ అని పేరు. అమెరికా చట్టంల అయితే, చెప్పినోనికి జరిమానాల సగం వరకు కోర్టు ఇయ్యొచ్చు. గొప్పకోసం చెప్తలే. మ్యాజిక్ పైప్ కట్టమని ఎవరన్న అంటే, అది ఆర్డర్ కాదు, వినకు. కంపెనీల డీపీఏ అని, షిప్ భద్రత సంగతులు వినేటందుకు ఒడ్డు మీద ఒకాయన ఉంటడు, ఆయన ఫోన్ నంబర్ మెస్ రూంల నోటీస్ బోర్డు మీద ఉంటది, ఉండి తీరాలె.

మీ నాయిన ప్రశ్నకు జవాబు కూడ ఇక్కడ్నే ఉంది. డిటెన్షన్ అంటే షిప్‌ను ఆపుతరు, మనుషులను కాదు. లోపం సరిచేసి, మళ్లీ చూపిచ్చినంక ఒదులుతరు. నష్టం కంపెనీకి. బెర్త్ పోతది, చార్టర్ చేసినోడు ఆ దినాలకు కిరాయి ఇయ్యనంటడు.  షిప్ పేరు ఆమ్సా లిస్టుల పడుతది. మళ్లమళ్ల దొరికితే 2012 నావిగేషన్ చట్టం కింద కొన్ని నెలలు ఆస్ట్రేలియా రేవులకే రావద్దని ఆపగలరు. ఫోర్త్ ఇంజినీర్‌ను పంప్ నీళ్లు గుంజలేదని ఎవరూ జైల్ల ఏయరు. జైలు మాట వచ్చేది అబద్ధం రాసినప్పుడు, నూనె దొంగతనంగ పారబోసినప్పుడు, ఇన్‌స్పెక్టర్‌కు తెలిసి తప్పు చెప్పినప్పుడు. మీ నాయినకు ఇంతే చెప్పు: మిషన్ ఖరాబైతే షిప్ ఆగుతది, రాత ఖరాబైతేనే మనిషికి ముప్పు.

మరి నిజంగ ఏదన్న ఖరాబై ఉంటే? చాలామంది దాస్తరు, ఆయన కంటికి పడదని దేవుణ్ణి మొక్కుతరు. ఇది దిక్కుమాలిన ఆలోచన. దారిల ఒక వస్తువు చెడిపోతే, జెండా దేశానికి, క్లాస్‌కు, రేవు అధికారులకు షిప్ చేరకముందే రాసి, స్పేర్ ఆర్డర్ చేసిన కాయితం పెట్టుకొని, అప్పటిదాక ఏం ఏర్పాటు చేసినమో చూపిస్తే, అది మామూలుగ డిటెన్షన్ కాదు. ప్రయాణంల అనుకోకుండ వచ్చిన నష్టానికి, సరైన చర్య తీసుకుంటే, ఆపొద్దని ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి కింద షిప్‌ల రూల్స్ చేసే సంస్థ) వాళ్ల పద్ధతులలనే ఉంది. అదే లోపాన్ని ఆయన కనిపెడితే కథ మారుతది. ఒకటి దాచినోళ్లు ఇంకెన్ని దాచిండ్రో అని సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమే పనిచేస్తలేదు అని రాస్తడు. చిన్న చిన్నయి ఏడెనిమిది కలిసి ఐఎస్ఎం (షిప్ భద్రతను ఎట్ల నడపాలెనో చెప్పే కోడ్) కింద ఒక పెద్ద డెఫిషియన్సీ అయ్యేది గిట్లనే. కాబట్టి నీ మిషనరీల ఏదన్న సక్కగ లేదంటే ఇయాల్నే సెకండ్‌కు చెప్పు, రాతల చెప్పు, డిఫెక్ట్ రిపోర్ట్ తియ్యి. ఆయన తిట్టొచ్చు, తిట్టనీ.

దీనికి ఇంకో పక్క కూడ చెప్పాలె. ఇన్‌స్పెక్షన్ పాసైతే షిప్ మంచిదన్నట్టు కాదు. 2024 మార్చి 26న అమెరికాల బాల్టిమోర్ బ్రిడ్జిని కూల్చిన డాలీ కంటైనర్ షిప్ గుర్తుందా? క్రూల ఎక్కువమంది మనోళ్లే. బ్రిడ్జి మీద రోడ్డు పనిచేసే ఆరుగురు చచ్చిపోయిండ్రు. ఆ షిప్‌కు 2023 జూన్‌ల చిలీల ఒక డెఫిషియన్సీ రాసిండ్రు, గేజ్‌లు థర్మామీటర్ల గురించి. సెప్టెంబర్‌ల అమెరికా కోస్ట్ గార్డ్ చూస్తే ఏం దొరకలే. తర్వాత దర్యాప్తుల తేలింది ఒక వదులు వైర్. వైరుకు తొడిగిన లేబుల్ అడ్డంపడి టెర్మినల్‌ల పూర్తిగ కూసోలే. వేల కనెక్షన్లల్ల అది ఒకటి. కొన్ని గంటలు తిరిగి పోయే మనిషికి అది ఎట్ల దొరుకుతది? రోజూ అక్కడ ఉండేటోళ్లకే దొరకాలె. నెల నెల టెర్మినళ్లు బిగించే జాబ్ ఎలక్ట్రీషియన్ చేసేటప్పుడు పక్కన నిలబడి నేర్చుకో.

ఇన్‌స్పెక్టర్ నిన్ను అడిగేటప్పుడు ఎట్ల మాట్లాడాలెనో కూడ చెప్త. ఇంగ్లీష్ గురించి పరేషాన్ కాకు. ఆయనకు వ్యాకరణం అక్కర్లే. అడిగినదానికే జవాబు చెప్పు, చెప్పుడు కంటె చేసి చూపెట్టుడు మేలు. ఒకసారి ఇన్‌స్పెక్టర్ అధికారులందరినీ ఒదిలిపెట్టి, మూలకు కారిన నూనె తుడుస్తున్న వైపర్‌ను (ఇంజిన్ రూం హెల్పర్‌ను) పిలిచి, ఈ లైఫ్‌బోట్ ఇంజిన్ స్టార్ట్ చెయ్యి అన్నడు. ఆ పిల్లగాడు ఒక్క మాట మాట్లాడకుండ బ్యాటరీ స్విచ్ తిప్పి, స్టార్ట్ చేసి, ముందుకు ఎనక్కు గేర్ ఏసి చూపెట్టిండు. ఇంజిన్ దిక్కు ప్రశ్నలు అక్కడితోని ఆగిపోయినయి. తెలవకపోతే తెలవదు, సెకండ్‌ను పిలుస్త అను. గెస్ కొట్టకు. ఆయనతోని వాదన పెట్టుకునేది చీఫ్, కెప్టెన్ పని. నీది కాదు.

లైఫ్‌బోట్ ఇంజిన్ చాలా షిప్‌లల్ల ఫోర్త్ పనే. వారానికోసారి కనీసం 3 నిమిషాలు నడపాలె. రెండు బ్యాటరీలుంటయి, రెండిటితోని విడివిడిగ స్టార్ట్ చేసి చూడు. ఒకటి బాగుంటే చాలనుకొని రెండోదాన్ని ఎవడూ ముట్టడు. డ్రిల్ పెట్టమంటే ఇంజిన్ రూంల మంట అనే చెప్తరు. మస్టర్ లిస్టుల (ఆపద వస్తే ఎవరి పని ఏందో రాసిన పట్టీల) నీ పేరు ఎదురుంగ ఏం రాసుందో రాత్రిపూట లేపినా చెప్పగలగాలె. బ్రీతింగ్ అపారటస్ తొడుక్కునేది నువ్వే అయితే మాస్క్ లీక్ టెస్ట్, తక్కువ గాలి అలారం ఎప్పుడు మోగుతదో ముందే చేసి చూసుకో. డెక్ సంగతులు, హ్యాచ్ కవర్లు, చార్టులు, హైడ్రోస్టాటిక్ రిలీజుల తారీఖులు మేట్లకు (డెక్ ఆఫీసర్లకు) ఒదిలిపెడుతున్న, అవి నాకంటె వాళ్లకు బాగ తెలుసు.

రెస్ట్ అవర్స్ పేజీ. 24 గంటలల్ల కనీసం 10, ఏడు దినాలల్ల కనీసం 77 గంటల విశ్రాంతి ఉండాలె. ఆ పది గంటలను రెండు ముక్కల కంటె ఎక్కువ చేయొద్దు, ఒక ముక్క 6 గంటలన్న ఉండాలె. కాయితం మీద అందరూ ఈ లెక్క తప్పకుండనే రాస్తరు. ఇన్‌స్పెక్టర్ ఆ పేజీని ఒక్కదాన్నే చూడడు. బంకర్ (షిప్ ఇంధనం) తీసుకున్న రాత్రి ఆయిల్ రికార్డ్ బుక్‌ల ఎన్ని గంటలకు మొదలైందో చూస్తడు. ఆ టైంల ఫోర్త్ ఇంజినీర్ నిద్రల ఉన్నట్టు రెస్ట్ అవర్స్‌ల ఉంటే, రెండు పుస్తకాలల్ల ఒకటి అబద్ధం. ఏదన్నది నిన్నే అడుగుతడు. ఎక్కువ పని చేసిన దినం ఎక్కువనే రాయి, పక్కన కారణం రాయి, తర్వాత విశ్రాంతి ఇచ్చింది రాయి.

మన పాలమూరు, నల్లగొండ పిల్లగాళ్లకు ఒక ముచ్చట ప్రత్యేకంగ చెప్పాలె. మన దిక్కునుంచి షిప్‌లకు పోయేటోళ్లు తక్కువ. ఇండ్లల్ల అడిగి తెలుసుకునే పెద్దలు ఉండరు. పొట్టకోసం బొంబాయి, దుబాయి పోయిన తాతలు, నాయినలే మనకు దారి చూపిండ్రు, వాళ్లకు లేబర్ ఇన్‌స్పెక్టర్ అంటే మేస్త్రీ పక్షాన వచ్చేటోడే. ఇక్కడ అట్ల కాదు. ఎంఎల్‌సీ అని సముద్ర కార్మికుల ఒప్పందం ఉంది, 2006ది. 2013 ఆగస్టు నుంచి అమల్ల ఉంది, మన దేశం 2015ల ఒప్పుకున్నది. దాని కింద ఇదే ఇన్‌స్పెక్టర్ నీ జీతం నెల నెల పడుతుందా, అగ్రిమెంట్ కాపీ నీ దగ్గర ఉందా, వంటగది, ఫ్రిజ్ రూంలు ఎట్లున్నయి అని చూస్తడు. 2024ల ఆసియా, యూరప్ రేవులల్ల మూడు నెలల ప్రత్యేక తనిఖీ మొత్తం జీతాలు, అగ్రిమెంట్ల మీదనే పెట్టిండ్రు. రెండు నెలల జీతం ఇయ్యకపోతే, షిప్‌ను ఒదిలేసినట్టు లెక్క కట్టి ఇన్సూరెన్స్ వాళ్లను అడిగే హక్కు ఉంది. అన్నం సరిగ పెడుతలేరని, జీతం ఆపిండ్రని ఆయనతోని ఒంటరిగ చెప్పొచ్చు. చెప్పింది ఎవరన్నది ఆయన బయటపెట్టొద్దు.

ఉద్యోగం ఇప్పిస్త అని లక్షలు అడిగే ఏజెంట్ల సంగతి కూడ దీంట్లనే వస్తది. ఉద్యోగం పెట్టిచ్చినందుకు నావికుని దగ్గర పైసలు తీసుకోవద్దని ఆ ఒప్పందంలనే ఉంది. డీజీ షిప్పింగ్ (మన దేశ షిప్పింగ్ శాఖ) లైసెన్స్ ఉన్న ఏజెన్సీయేనా అని వాళ్ల వెబ్‌సైట్‌ల చూసుకోవచ్చు. షిప్‌కు పోకముందే దాని ఏడంకెల ఐఎంఓ నంబర్ తీసుకొని ఈక్వాసిస్ సైట్‌ల ఉత్తగనే చూస్తే, ఎక్కడెక్కడ ఎన్ని డెఫిషియన్సీలు పడ్డయో, ఎన్నిసార్లు డిటైన్ అయిందో మొత్తం వస్తది. నేను ఇప్పటికీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందు చూస్త. డిటెన్షన్లు ఎక్కువ ఉన్న షిప్‌ల జీతం ఎక్కువ ఇస్తం అంటే, ఎందుకిస్తున్నరో అడగాలె.

సిగరెట్ డబ్బాల సంగతి ఎవరూ రాయరు, నేను రాస్త. కొన్ని రేవులల్ల ఇన్‌స్పెక్టర్లు చిన్న లోపం పట్టుకొని డబ్బాలు, డాలర్లు అడుగుతరు. న్యూకాజిల్‌ల అట్లాంటిది ఊహించకు, అక్కడ చాయ్ కప్పు పక్కన ఏదన్న కవర్ పెడితే అదే కేసు అయితది. అడిగే రేవుకు పోయినప్పుడు అది కెప్టెన్ తలనొప్పి. కంపెనీలు కలిసి పెట్టుకున్న మారిటైం యాంటీ కరప్షన్ నెట్‌వర్క్‌కు రిపోర్ట్ చేసే పద్ధతి ఉంది. నీ చేతులమీదుగ మాత్రం ఏదీ ఇయ్యకు.

ఇన్‌స్పెక్షన్ అయినంక ఫారం ఏ, ఫారం బీ అని రెండు కాయితాలిస్తరు. బీల ఒక్కో డెఫిషియన్సీ పక్కన ఒక కోడ్ ఉంటది. 10 అంటే సరిచేసేసిండ్రు అని. 15 అంటే తర్వాతి రేవుల సరిచేయాలె, 16 అంటే 14 దినాలల్ల, 17 అంటే ఇక్కడ్నుంచి కదిలే లోపట. 30 అంటే డిటైన్. 17 చూసి గుండె జారకు. ఆయన ఇంకా బెర్త్ మీద ఉండంగనే సరిచేసి చూపిస్తే అదే కాయితం మీద 10 అయితది. అందుకే స్పేర్లు, వెల్డింగ్ సెట్టు, గ్యాస్కెట్ షీటు ఆ దినం చేతికందేటట్టు పెట్టుకోండ్రి. నీ మిషనరీ మీద పడ్డ ప్రతి డెఫిషియన్సీకి ముందటి ఫోటో, సరిచేసినంక ఫోటో తీసిపెట్టు. చీఫ్‌ను అడిగి ఫారం బీ చదివి, ఏం రాసిండ్రో నోట్స్ రాసుకో. క్లాస్ టూ ఓరల్స్‌కు ఎంఎండీకి (పరీక్ష పెట్టే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కు) పోయినప్పుడు సర్వేయర్ పీఎస్‌సీ గురించి అడుగుతడు, అప్పుడు పుస్తకంల వాక్యాలు ఒప్పజెప్పుడు కంటె న్యూకాజిల్‌ల నీ కండ్లముందు ఏమైందో చెప్పు.